ఉంగరం కదలకూడదు, నలగకూడదు: చెక్కేటప్పుడు చిన్న గుండ్రటి వస్తువులను పట్టి ఉంచడం ఎలా

చెక్కడం నేర్చుకుంటున్న కొత్తలో ఒక వెండి ఉంగరం మీద పేరు వేయడానికి కూర్చున్నాను. రెండు దవడల మధ్య వస్తువును బిగించి పట్టే మామూలు బెంచి వైస్‌లో పెట్టి, జారిపోతుందేమోనన్న భయంతో బాగా బిగించాను. నాలుగు అక్షరాలూ చక్కగా వచ్చాయి. వైస్ విప్పి తీస్తే ఉంగరం కోడిగుడ్డు ఆకారంలో ఉంది. రెండు పక్కలా దవడల గరుకు అచ్చు కూడా పడింది. చెక్కింది చెడలేదు, పట్టుకున్న తీరే ఉంగరాన్ని చెడగొట్టింది. ఆ రోజు నుంచి గ్రేవర్ (లోహం మీద గీతలు చెక్కే మొనదేలిన ఉలి) పదును పెట్టడానికి ఎంత శ్రద్ధ పెడతానో, వస్తువును కూర్చోబెట్టడానికీ అంతే పెడుతున్నాను.

ఉంగరం గట్టిగా బిగిస్తే నిలబడదు. ఎక్కువ చోట ఆనితే నిలబడుతుంది. రెండు చోట్ల నొక్కి పట్టిన ఉంగరం వంగుతుంది, లేదా తిరుగుతుంది. లోపలంతా ఆనుకుని కూర్చున్న ఉంగరానికి కొద్దిపాటి బిగింపు చాలు. దీనికి తోడు ఇంకొకటి చూసుకోవాలి: గ్రేవర్ మొన ఏ చోట దిగుతోందో, సరిగ్గా ఆ చోటు కిందే గట్టి ఆధారం ఉండాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ రెంటి కోసమే.

ముందు కొలవండి, తర్వాత పట్టుకునే సాధనం ఎంచుకోండి

సన్నటి కొలతలు చూసే వెర్నియర్ కాలిపర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు, మందం కొలిచి కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక ఇవే కొలతలు మళ్లీ చూస్తాం కాబట్టి ఆ కాగితం పారేయకండి. కొలిచాక ఉంగరం లోపలి వైపు చూడండి. అది సమంగా ఉందా, మధ్యలో ఉబ్బుగా ఉందా? వేలికి సుఖంగా ఉండాలని లోపలి వైపు ఉబ్బుగా చేసిన ఉంగరాలు చాలా ఉంటాయి. వాటిని సమంగా ఉన్న కడ్డీకి తొడిగితే మధ్య గీత మీద మాత్రమే ఆనుతాయి. అంచు దగ్గర గ్రేవర్ పెట్టగానే తక్కెడలా ఒరుగుతాయి.

రాళ్లున్నాయేమో చూడండి. ముత్యం, ఓపల్, ఫిరోజా, పచ్చ వంటివి వేడికి ఆగవు. వాటి విషయంలో కింద చెప్పే లక్క పద్ధతి పూర్తిగా వదిలేయండి. లోపల బోలుగా ఉండి ఎక్కడా రంధ్రం లేని వస్తువునైతే అసలు వేడి చేయకూడదు. లోపలి గాలి వ్యాకోచించి అతుకు విడిపోవచ్చు, వస్తువు పగలనూ వచ్చు.

గ్రేవర్ ఉంగరాన్ని ఎటు తోస్తుంది?

గ్రేవర్ ముందుకు తోస్తుంది, కొంచెం కిందికీ నొక్కుతుంది. ఉంగరం మీద చుట్టుకొలత వెంబడి గీస్తే, ఉంగరం తన ఇరుసు చుట్టూ తిరిగిపోవాలని చూస్తుంది. వెడల్పు వెంబడి అడ్డంగా గీస్తే కడ్డీ మీద నుంచి పక్కకు జారాలని చూస్తుంది. అంచు మీద గీస్తే ఒరగాలని చూస్తుంది. ఈ మూడు కదలికలకూ మందులు వేరు. తిరగకుండా ఆపేది లోపలి రాపిడి. జారకుండా ఆపేది ఒక మెట్టు, అంటే ఉంగరం అంచు ఆనుకునే చిన్న గోడ. ఒరగకుండా ఆపేది వెడల్పంతా ఆనడం. మీ దగ్గరున్న సాధనం ఈ మూడింటిలో ఏది చేయడం లేదో చూసుకుంటే, గ్రేవర్ ఎక్కడ జారుతుందో ముందే తెలిసిపోతుంది.

బయటి వైపు చెక్కడానికి: లోపలి నుంచి పట్టే హోల్డర్

ఉంగరం బయట పేరో తీగ డిజైనో చెక్కాలంటే లోపలి నుంచి విచ్చుకుని పట్టే హోల్డర్ అన్నిటికంటే మేలు. బయటి ముఖం మొత్తం ఖాళీగా ఉంటుంది, కింద ఆధారమూ ఉంటుంది. రెడీమేడ్‌గా లోహంతో చేసినవి దొరుకుతాయి. కానీ ఒకటి మీ చేత్తో చేసుకోండి. దాని పనితీరు అర్థమవుతుంది, ఏ సైజుకైనా ఇంకొకటి చేసుకోగలుగుతారు.

1. దాదాపు 25 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవు ఉన్న గట్టి కర్ర ముక్క తీసుకోండి. నార పొడవునా సాగి ఉండాలి, ముడి ఉండకూడదు. మెత్తటి కర్ర పనికిరాదు, ఉంగరం కింద నలిగిపోతుంది.

2. ఒక చివర 15 మి.మీ. మేర ఆకురాయితో, ఎమరీ పేపర్‌తో సన్నం చేయండి. ఉంగరం లోపలి వ్యాసం 18 మి.మీ. అయితే ఈ భాగం 17.8 మి.మీ. దగ్గర ఆపండి. ఉంగరం చేత్తో తొడిగితే దిగాలి, కానీ గలగలలాడకూడదు. సన్నటి భాగం మొదలయ్యే చోట ఏర్పడిన మెట్టే పైన చెప్పిన గోడ.

3. స్లిట్ (సన్నటి చీలిక) కోయకముందే డ్రిల్ చేయండి. కొన నుంచి నడిమధ్యగా 5 మి.మీ. రంధ్రం 25 మి.మీ. లోతుకు, అక్కడి నుంచి 3 మి.మీ. రంధ్రం ఇంకో 20 మి.మీ. లోతుకు. పై రంధ్రంలో స్క్రూ మరలు పట్టుకోకూడదు, కింది రంధ్రంలోనే పట్టుకోవాలి. ఈ క్రమం తప్పితే స్క్రూ బిగించినా కర్ర విచ్చుకోదు.

4. ఇప్పుడు సన్నటి రంపంతో కొన నుంచి 25 మి.మీ. లోతుకు కూడిక గుర్తు ఆకారంలో రెండు స్లిట్లు కోయండి. కొన నాలుగు రేకులుగా విడుతుంది. రంపం ఎంత సన్నమైతే అంత మంచిది, ఎందుకంటే స్లిట్ మీద పడిన ఉంగరం భాగానికి కింద ఆధారం ఉండదు. స్లిట్ల కింది కొస దగ్గర గట్టి తీగతో రెండు చుట్లు చుట్టి కట్టండి, కర్ర అక్కడి నుంచి కిందికి చీలకుండా ఉంటుంది.

5. తల కింది భాగం శంకువులా ఏటవాలుగా ఉండే, చెక్కలో బిగించే స్క్రూ తీసుకోండి. సుమారు 4 మి.మీ. మందం, 45 మి.మీ. పొడవు సరిపోతాయి. బిగిస్తుంటే ఆ ఏటవాలు తల రేకుల మధ్యకు దిగి వాటిని బయటికి తోస్తుంది.

6. ఉంగరాన్ని మెట్టుకు ఆనించి, స్క్రూ తిప్పండి. ఉంగరం చేత్తో తిప్పితే తిరగని స్థితి రాగానే ఇంకో పావు చుట్టు తిప్పి ఆపండి. అంతకు మించి వద్దు. బంగారం, వెండి మెత్తటి లోహాలు. పల్చటి ఉంగరమైతే లోపలి ఒత్తిడికి సాగి సైజు పెరుగుతుంది.

రేకులు కొన దగ్గర ఎక్కువగా, మెట్టు దగ్గర తక్కువగా విచ్చుకుంటాయి. అందుకే కర్ర వ్యాసాన్ని ఉంగరానికి అంత దగ్గరగా పెట్టమన్నాను. ఒక మిల్లీమీటరు తేడా ఉంటే ఆ తేడా నిండేసరికి రేకులు పువ్వులా విచ్చుకుని, ఉంగరం ఒక్క అంచు మీదే ఆనుతుంది.

స్లిట్ మీదున్న చోట చెక్కాల్సి వస్తే స్క్రూ కొంచెం వదులు చేసి, ఉంగరాన్ని తిప్పి మళ్లీ బిగించండి. ఇది బద్ధకించే చోటు. చాలామంది గీత అదిరేది ఇక్కడే.

సైజులు చూసే ఏటవాలు కడ్డీ గురించి

ఉంగరం సైజు చూసే కడ్డీ చేతికి అందుబాటులో ఉంటుంది కాబట్టి దాని మీదే పెట్టి చెక్కాలనిపిస్తుంది. ఆ కడ్డీ కొసకు పోనుపోను సన్నబడుతుంది. ఉంగరం దాని మీద ఒక్క అంచుతోనే ఆనుతుంది, రెండో అంచు కింద ఖాళీ. తప్పనిసరైతే కడ్డీకి మాస్కింగ్ టేప్ చుట్టండి. సన్నటి వైపు ఎక్కువ చుట్లు, లావు వైపు తక్కువ చుట్లు వేస్తూ ఆ ఏటవాలును నింపండి. ఉంగరం తొడిగాక వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడా సందు కనపడకూడదు. లోపల ఉబ్బుగా ఉన్న ఉంగరానికి అంచుల కింద రెండు సన్నటి టేప్ పట్టీలు వేయాలి, మధ్యలో వద్దు.

చెక్క రింగ్ క్లాంప్

రెండు చెక్క ముక్కల మధ్య తోలు అంటించి, ఒక చివర ఉంగరం పెట్టి, రెండో చివర వెడ్జ్ (ఒక వైపు సన్నబడే ముక్క) దూర్చే పాత సాధనం ఇది. చేత్తో పట్టుకుని పనిచేయవచ్చు. ఉంగరం పైభాగంలో చిన్న అక్షరమో, ముద్ర ఉంగరం ముఖమో చెక్కడానికి బాగుంటుంది. ఉంగరం కింది సగం తోలు మధ్యలో ఉండాలి, వెడ్జ్‌ను బొటనవేలితో నొక్కితే చాలు, సుత్తితో కొట్టకండి. పల్చటి ఉంగరం చుట్టూరా డిజైన్ చెక్కడానికి దీన్ని వాడకపోవడమే మంచిది.

ఏ ఆకారానికైనా: మెత్తబడే థర్మోప్లాస్టిక్

వేడి నీళ్లలో మెత్తబడి, చల్లారితే గట్టిపడే ప్లాస్టిక్ గుళికలు దొరుకుతాయి. ఎక్కువ రకాలు 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే మెత్తబడి, తెల్లటి గుళికలు పారదర్శకంగా మారతాయి. వంకర ఉంగరాలు, పైన పెద్ద ముఖం ఉన్నవి, దవడలకు అందని ఆకారాలు, అన్నిటికీ ఇదే నాకు మొదటి ఎంపిక. మంట అక్కర్లేదు, వాసన రాదు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

గుళికలను గిన్నెలో వేసి వేడి నీళ్లు పోయండి. పారదర్శకం కాగానే చెంచాతో తీసి, తడి వేళ్లతో పిసికి ముద్ద చేయండి. ముద్దలో నీళ్లు చిక్కుకుంటాయి, బాగా పిండి తుడవండి. ఈ నీళ్ల బుడగల వల్లే చాలాసార్లు లోపల బోలు ఏర్పడి పట్టు పోతుంది. ముద్దను ఒక చెక్క కొస మీదో, వైస్ దవడల మధ్యో పెట్టి, ఉంగరాన్ని సగం దాకా దిగేలా ఒత్తండి. ఉంగరం మధ్య ఖాళీలోకి కూడా ప్లాస్టిక్ నిండాలి. ఆ తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను అంచుల మీదికి కొంచెం మడవండి. నున్నటి, చల్లటి లోహానికి ఇది గట్టిగా అంటుకోదు. దాని బలమంతా చుట్టూ కమ్ముకుని తాళం వేసినట్టు పట్టడంలో ఉంది. పూర్తిగా తెల్లబడే దాకా ఆగండి, తొందరైతే చల్లటి నీళ్లలో ముంచండి. పైన తెల్లబడినా లోపల ఇంకా మెత్తగా ఉండవచ్చు, కాబట్టి ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

తీయాలంటే మళ్లీ వేడి నీళ్లలో పెట్టడమే. వేడికి ఆగని రాయి ఉంటే ముందుగా ఉంగరానికి టేప్ చుట్టి, ప్లాస్టిక్ కొంచెం చల్లారాక ఒత్తండి. తీసేటప్పుడు నీళ్లలో పెట్టకుండా ప్లాస్టిక్‌ను రంపంతో జాగ్రత్తగా కోసి విడదీయండి.

లక్క కర్ర

స్వర్ణకారుల చేతిలో తరాలుగా ఉన్న పద్ధతి ఇది. లక్క పట్టు ప్లాస్టిక్ కంటే గట్టిది, గ్రేవర్ కింద అదురు తక్కువ. చిన్న చిన్న ముక్కలకూ, పల్చటి రేకులకూ దీన్ని మించింది నాకు కనపడలేదు. లక్క ఒక్కటే అయితే పెళుసుగా ఉంటుంది, అందుకే మెత్తటి ఇటుక పొడి కలుపుతారు.

ఒక చెక్క పిడి కొస మీద గాట్లు పెట్టండి, లక్క పట్టు దొరుకుతుంది. లక్కను చిన్న మంటకు దూరంగా పట్టి, తిప్పుతూ, నిదానంగా కరిగించండి. నురగ వచ్చిందంటే కాలిపోతోందని అర్థం, కాలిన లక్క గాజులా పగులుతుంది. వస్తువును కూడా కొంచెం వేడి చేయాలి. చల్లటి లోహం మీద లక్క అంటుకున్నట్టే కనపడుతుంది, మొదటి గట్టి గీతకు ఊడి వస్తుంది. వస్తువును సగం మందం దాకా ఒత్తి, తడి వేలితో అంచుల చుట్టూ లక్కను సర్దండి. వేలు తడి లేకపోతే కాలుతుంది, లక్క చర్మానికి అంటుకుంటే తొందరగా ఊడదు కూడా. దానంతట అదే చల్లారనివ్వండి, నీళ్లలో ముంచితే పగుళ్లు వస్తాయి.

పని అయ్యాక మళ్లీ వెచ్చబెట్టి తీయవచ్చు. మిగిలిన లక్క స్పిరిట్‌లో నానబెడితే కరుగుతుంది. స్పిరిట్ గిన్నెను మంట ఉన్న బల్ల మీద పెట్టకండి.

లోపలి వైపు చెక్కాలంటే

ఇప్పుడు ఉంగరాన్ని బయటి నుంచి పట్టాలి. గట్టి కర్ర దిమ్మెలో ఉంగరం బయటి వ్యాసానికి సరిపడా రంధ్రం చేసి, దిమ్మెను రంధ్రం మధ్య నుంచి రెండుగా కోయండి. రంపం తిన్న ఆ ఒక మిల్లీమీటరు ఖాళీయే బిగించడానికి అవకాశం ఇస్తుంది. లోపల పల్చటి తోలో కాగితమో వేసి, ఉంగరం పెట్టి, రెండు ముక్కలనూ వైస్‌లో బిగించండి. ఒత్తిడి చుట్టూరా సమంగా పడుతుంది, ఉంగరం గుండ్రంగానే ఉంటుంది. దిమ్మెను సుమారు 45 డిగ్రీలు వంచితే గ్రేవర్‌కు దారి, కంటికి చూపు దొరుకుతాయి. నేరుగా ఉన్న గ్రేవర్ పిడి ఎదుటి అంచుకు తగులుతుంది, మొన వంచినది వాడాలి.

కడ్డీలు, గొట్టాలు, పెన్ను తొడుగులు

పైన చెప్పిన చీల్చిన దిమ్మే ఇక్కడా పనికొస్తుంది. రంధ్రం కొంచెం పొడవుగా ఉంటే చాలు. 3 మి.మీ. లోపు సన్నటి కడ్డీలకు పిన్ వైస్ (చేత్తో పట్టుకునే చిన్న బిగింపు పిడి) మంచిది. వ్యాసం సరిగ్గా సరిపోతే, చీలికలున్న గొట్టంలా బిగుసుకునే కోలెట్‌ను మించింది లేదు, చుట్టూరా ఒకేలా పడుతుంది. మూడు దవడలు ఒకేసారి దగ్గరికి వచ్చి పట్టే చక్ అయితే రాగి రేకో మాస్కింగ్ టేప్ చుట్టో మధ్యలో వేయకుండా బిగించకండి.

గొట్టం విషయంలో అసలు ప్రమాదం లోపలి బోలు. గ్రేవర్ ఒత్తిడికి గోడ లోపలికి సొట్ట పోతుంది. గట్టిగా పట్టే గుండ్రటి కర్రను లోపలికి దూర్చండి, అవసరమైతే టేప్ చుట్టి సైజు కలపండి. కర్ర రెండు చివరలూ గొట్టం బయటికి వచ్చేలా ఉంచి, ఆ చివరల దగ్గరే వైస్‌లో పట్టుకుంటే గొట్టం మీద దవడ ఆనదు. పని చేసే భాగం కింద ఇసుక నింపిన తోలు సంచి పెడితే కర్ర మధ్యలో కుంగదు.

వంపును మర్చిపోకండి

బయటి వ్యాసం 20 మి.మీ. ఉన్న ఉంగరం మీద, పైభాగం నుంచి చుట్టుకొలత వెంబడి 5 మి.మీ. పక్కకు వెళ్తే ఉపరితలం దాదాపు 29 డిగ్రీలు వాలిపోతుంది, 1.2 మి.మీ. కిందికి దిగుతుంది. మీ చేయి అదే కోణంలో ఉంటే గ్రేవర్ లోహాన్ని వదిలేసి జారుతుంది. అందుకే 2, 3 మి.మీ. గీసి, వస్తువును తన ఇరుసు మీద తిప్పి, చెక్కే చోటును మళ్లీ పైకి తెచ్చుకోవాలి. చేయి స్థిరం, తిరిగేది వస్తువు.

బాల్ వైస్ బరువైన బంతి మీద ఏ వైపుకైనా వంగుతుంది, పైభాగం సులువుగా తిరుగుతుంది. కానీ అది తిరిగేది నిలువు ఇరుసు మీద. ఉంగరం తన ఇరుసు మీద తిరగాలంటే హోల్డర్‌ను అడ్డంగా పెట్టి, దాన్ని విడిగా తిప్పుకునే వీలుంచాలి. హోల్డర్ కొస మీద గడియారంలా 12 గుర్తులు పెట్టుకుంటే ప్రతిసారీ 30 డిగ్రీలు తిప్పడం సులువు, డిజైన్ పంచుకోవడానికీ అవే గుర్తులు పనికొస్తాయి. 20 మి.మీ. ఉంగరం చుట్టుకొలత 62.8 మి.మీ., అంటే ఒక్కో భాగానికి 5.2 మి.మీ. కొంచెం పైన. ఇంకో మాట, చెక్కే చోటు బాల్ వైస్ నడిమధ్యలో ఉండాలి. పక్కకు ఉంటే వైస్ తిప్పిన ప్రతిసారీ అది మైక్రోస్కోప్ చూపులోంచి పారిపోతుంది.

లేజర్ మెషిన్ వాడేవారికి: ఉంగరం లాంటి పొట్టి వస్తువుకు రోలర్ రోటరీ (దొర్లే రోలర్ల మీద వస్తువును తిప్పేది) కంటే చక్ రోటరీ (దవడలతో పట్టి తిప్పేది) నమ్మకమైనది, రోలర్ మీద తేలికపాటి ఉంగరం జారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బయటి వ్యాసం సరిగ్గా ఇచ్చి, ముందు ఉంగరం మీద అంటించిన టేప్ మీద పూర్తి చుట్టు ఒక గీత వేయించండి. మొదలు, చివర కలవకపోతే వ్యాసమో రోటరీ సెట్టింగో తప్పు.

గ్రేవర్ దించే ముందు

పట్టు కుదిరిందని కంటితో చూసి నమ్మకండి. ఒక కర్ర పుల్ల తీసుకుని, గ్రేవర్ తోసే దిశలోనే ఉంగరాన్ని తోయండి, ముందుకు, పక్కకు, అంచు మీద. ఉంగరానికీ హోల్డర్‌కూ కలిపి పెన్సిల్‌తో ఒక గీత పెట్టి ఉంచితే వెంట్రుకవాసి కదిలినా తెలుస్తుంది. పుల్లతో మెల్లగా కొట్టి వినండి. మొద్దుగా వినపడితే బాగా ఆనింది. టింగుమని మోగితే ఎక్కడో ఖాళీ ఉంది, మళ్లీ కూర్చోబెట్టండి. ఎడమ చేతి వేళ్లు గ్రేవర్ వెళ్లే దారిలో ఒక్కటీ ఉండకూడదు. జారిన గ్రేవర్ ఎంత లోతుకు దిగుతుందో దిగాక గానీ తెలియదు.

మొదటిసారి ఏ పద్ధతి ప్రయత్నించినా ఇత్తడి లేదా రాగి గొట్టం నుంచి 6 మి.మీ. వెడల్పు ముక్కలు కోసి, అంచులు నున్నగా చేసి వాటి మీద చేయండి. పావుగంట గీశాక విప్పి చూడండి. లోపలి వైపు మెరిసిన చోట్లు అసలు ఎక్కడ ఆనిందో చూపిస్తాయి. ఒకే అంచు వెంబడి మెరుపు ఉంటే హోల్డర్‌ను ఆ వైపు ఆకురాయితో కొంచెం తగ్గించాలి.

పని మధ్యలో కూడా బిగింపు చూస్తుండండి. కర్ర నలుగుతుంది, ప్లాస్టిక్ దీపం వేడికి మెత్తబడుతుంది, స్క్రూ వదులవుతుంది. గీత మీద సన్నటి అలల్లాంటి గుర్తులు కనపడితే గ్రేవర్ పదును చూసే ముందు పట్టు చూడండి.

విప్పేటప్పుడు తొందర వద్దు. స్క్రూ పూర్తిగా వదులు చేసి, ఉంగరాన్ని తిప్పుతూ నిదానంగా జార్చండి. లాగితే అంచు కర్రకు రాసుకుని కొత్త గీత పడుతుంది. తుడిచి, మొదట రాసుకున్న కాగితం తీసి, లోపలి వ్యాసాన్ని రెండు దిశల్లో, ఒకదానికొకటి అడ్డంగా కొలవండి. రెండు అంకెలూ ఒకటే ఉండి, పాత కొలతతో సరిపోతే ఉంగరం డబ్బాలో పెట్టేయవచ్చు. తేడా 0.1 మి.మీ. దాటితే ఏటవాలు కడ్డీకి తొడిగి, చెక్కిన ముఖానికి దెబ్బ తగలకుండా ప్లాస్టిక్ సుత్తితో చెక్కని చోట్ల మెల్లగా తట్టి గుండ్రం చేయండి.